చెయ్యి పెట్టి చూడు

తల ఎత్తకూడదు. ఎత్తితే రోబో చేతులు ఎక్కడివక్కడ బిగుసుకుపోతాయి. నుదురు ఆ నల్లటి మెత్తకి ఆనించి, రెండు కళ్ళూ రెండు అద్దాలకి అప్పగించి కూర్చున్నంతసేపే అవి ఆమె చేతులు, తర్వాత వట్టి ఇనుము. నిజానికి ఇప్పుడు వాటికి పనేమీ లేదు. గర్భసంచి వచ్చేసింది, అండాశయాలు వచ్చేశాయి, పేగుల మీద దుప్పటిలా పరుచుకుని ఉండే కొవ్వు పొర వచ్చేసింది, చివరికి కాలేయానికి పైన, గొడుగులా వంగి ఉండే డయాఫ్రమ్ మీద కనిపించిన తెల్లటి మచ్చలోంచి మూడు ముక్కలు కత్తిరించి ల్యాబ్‌కి పంపారు. ఆ మచ్చ మందులకి చచ్చిపోయిన క్యాన్సర్ తాలూకు గుర్తా, ఇంకా బతికున్న క్యాన్సరా అన్నది వాళ్ళు చెప్పాలి. చచ్చిందంటే ఈ నాలుగు చిన్న బెజ్జాలూ కుట్టేసి ఇంటికి పోవచ్చు. బతికుందంటే పొట్ట నిలువునా తెరిచి, చెయ్యి పెట్టి, ఆ గొడుగు మీద పొరంతా ఒలవాలి. కబురొచ్చేదాకా ఇంకెవరైనా అయితే లేచి, నడుం విరుచుకుని, గుక్కెడు నీళ్ళు తాగొస్తారు. ఆమె లేవలేదు. చెప్పులు విడిచి, ఉత్తికాళ్ళు పెడళ్ళ మీద పెట్టుకుని, తప్పు చేసి గోడవైపు తిరిగి కూర్చున్న బడిపిల్లలా ఆపరేషన్ గది మూలన కూర్చుంది, అత్తగారి పొట్టలోకి చూస్తూ.

అత్తగారి పొట్ట. అనుకుంటేనే ఎబ్బెట్టుగా ఉంది. ఒకే ఇంట్లో ఇన్నేళ్ళున్నా ఆవిడ మోకాలు కూడా చూసి ఎరగదు. జ్వరమొచ్చినా నుదుటి మీద చెయ్యి వేయనిచ్చేది కాదు, "థర్మామీటరుంది కదా" అనేది. అలాంటి మనిషి లోపలంతా పట్టపగల్లాంటి వెలుతురులో, పదింతలు పెద్దదై, తళతళలాడుతూ ఎదురుగా ఉంది. ఎంత నున్నగా ఉందో ఆ కాలేయం. ఈవిడ లోపల ఏ ముళ్ళకంపో, తుప్పు పట్టిన మేకులో తప్ప ఇంకేం ఉంటాయని పని నేర్చుకునే రోజుల్లో క్యాంటీన్లో చెప్పుకుని నవ్వుకునేవాళ్ళు. కత్తెరమ్మ అని పేరు పెట్టింది కూడా అక్కడే. ఆ పేరు తనకి తెలుసని, బాగుందనీ ఒకసారి కత్తెరమ్మే వచ్చి చెప్పి, వాళ్ళ టీలు చల్లారేలా చేసి పోయింది. ఈ ఆస్పత్రిలో ఆడవాళ్ళ క్యాన్సర్లకి కత్తి పట్టిన మొదటి మనిషి ఆవిడ, చేతులు పట్టుకుని నేర్పిన మనిషి కూడా ఆవిడే. పట్టుకుని అంటే అదేదో ప్రేమగా కాదు. ముడి వంకరపడితే పట్టకారుతో వేళ్ళ కణుపుల మీద ఒక్కటిచ్చేది, గ్లవుజు లోపల ఎర్రగా కమిలేది. ముడి సరిగ్గా పడ్డ రోజున మెచ్చుకునేది కాదు, మాస్కు వెనక పెదవి ఒక పక్కకి సాగేది, అంతే. ఆ సాగడం కోసం నలుగురూ నానా చావూ చచ్చేవాళ్ళు. అన్నిటికన్నా మించి ఆవిడ నోటెంట రోజూ వచ్చే మాట ఒకటుంది. చెయ్యి పెట్టి చూడనిదే పొట్ట మూయకు. కళ్ళకి కనిపించనిది వేళ్ళకి తగులుతుంది, పేగు వెనకా, కాలేయం చాటునా, ఇసక రేణువంత గింజ కూడా. చెయ్యి పెట్టి చూడు. చూశావా? మళ్ళీ చూడు.

ఒకరోజు పని అయ్యాక, చేతులు కడుక్కునే చోట, ఆమె రెండు చేతులూ పట్టుకుని, వంకాయలు ఏరుకునేటప్పటిలా అటు తిప్పి ఇటు తిప్పి చూసి, "పెళ్ళయిందా?" అని అడిగింది. లేదంటే, "మావాడున్నాడు. నెమ్మదస్తుడు. చేతుల్లో చెమట, అందుకే డాక్టర్ని చేయలేకపోయాను. ఆలోచించుకో," అంది. సంబంధం మాట్లాడటమంటే అంతే. నిన్ను అమ్మ ముందు చూసుకుంది, నేను తర్వాత చూశాను అని ఆయన ఇప్పటికీ నవ్వుతూ అంటాడు. బళ్ళో పిల్లలకి భూగోళం చెప్పుకునే మనిషి, రక్తం పేరెత్తితే మొహం పాలిపోతుంది, ఇప్పుడు బయట హాల్లో ఆ చెమట చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని కూర్చుని ఉంటాడు. పొద్దున లోపలికి వస్తుంటే, "అమ్మ జాగ్రత్త," అన్నాడు. ఎవరు జాగ్రత్త? అమ్మ జాగ్రత్తగా ఉండాలా, అమ్మని జాగ్రత్తగా చూడాలా, అమ్మతో జాగ్రత్తగా ఉండాలా? మూడోది అయితే ఆ మాట పెళ్ళినాడే చెప్పాల్సింది మహానుభావుడు.

"మేడమ్, కాసేపు లేవకూడదూ? మెడ పట్టేస్తుంది," అన్నాడు మత్తు డాక్టరు వెనకనుంచి. ఆవిడ తలదగ్గర కూర్చుని, ఆవిడ ఊపిరిని యంత్రంతో ఆడిస్తున్నది అతనే.

"ఫర్వాలేదు. ఊపిరి ఎలా ఉంది?"

"ఇప్పటికి బానే ఉంది. ఉబ్బసం మనిషి కదా, ఇంతకంటే ఆశించకూడదు. ల్యాబ్ వాళ్ళు చల్లని మాట చెబితే బాగుండును. తెరిస్తే మాత్రం ఈవిడ దగ్గుకి కుట్లు నిలవడం కష్టం."

కుట్లు నిలవడం కష్టం. ఆ సంగతి ఆమెకి తెలియకనా. ఆ దగ్గు ఇంట్లో గడియారంలాంటిది, గోడ అవతల ఆ దగ్గు వినపడితేనే తెల్లారిందని లేచేవాళ్ళు. అందుకే రోబోతో చేద్దామని అనుకున్నారు. ఆవిడ రోబోకి ఒప్పుకోవడమే ఒక వింత. ఈ యంత్రం ఆస్పత్రికి వచ్చినప్పుడు అన్నాల దగ్గర ఎంత యుద్ధం జరిగిందో. "మనిషి మంచం మీద, నువ్వు మూలన. దూరం నుంచి కాపురం చేసినట్టుంది," అని ఎకసెక్కాలాడేది. చేతులకి వణుకొచ్చి కత్తి మానేసినా నోటికి వణుకు రాలేదు. ఈ యంత్రం చేతివణుకుని వడగట్టేస్తుంది అత్తయ్యా, మీరు ఇప్పుడు కూడా చేయొచ్చు అని మాటవరసకి అంటే, కంచం ముందునుంచి లేచి వెళ్ళిపోయింది. రోగులు మూడోనాటికి నడిచి ఇంటికెళ్తున్నారని చెబితే, వెళ్తారు, మళ్ళీ వస్తారు అనేది. కొందరు మళ్ళీ వచ్చారు కూడా. తెరిచి చేసినవాళ్ళలోనూ వచ్చారు. ఏ గర్భసంచి క్యాన్సర్‌కి చిన్న బెజ్జాలు చాలు, దేనికి చాలవు, ఎవరికి తెరిచి తీరాలి అన్న లెక్క ఆమె ఏళ్ళ తరబడి కుస్తీపట్టి నేర్చుకుంది, తప్పులు చేసి నేర్చుకుంది. ఆ లెక్కలో ఆమె మాటకి తిరుగులేదని బయట ఊళ్ళనుంచి సర్జన్లు వచ్చి వెనక నిలబడి చూసి పోతారు. ఇంట్లో మాత్రం ఆమె బొమ్మలాడుకునే పిల్ల. "ఏం, మీ బొమ్మ ఇవాళ ఎంతమందిని ఉద్ధరించింది?"

ఆవిడ జబ్బు ఆవిడే కనిపెట్టుకుంది. మంచం మీద వెల్లకిలా పడుకుని, తన పొట్ట తానే వేళ్ళతో తట్టి, ఇటు ఒత్తిగిలి మళ్ళీ తట్టి, కోడల్ని పిలిచి, "నీళ్ళు చేరాయి. అండాశయం. మూడో దశ," అని, స్కానింగు మర్నాడు తీరిగ్గా చెప్పబోయేది ముందే చెప్పేసింది. గొంతులో ఒక్క అక్షరం వణకలేదు. మందులకి జుట్టంతా ఊడినా గుడ్డ కట్టుకోలేదు, బోడితలతోనే వాకిట్లో కూర్చుని పేపరు చదివేది, చూసేవాళ్ళే తల తిప్పుకునేవాళ్ళు. సొంతవాళ్ళకి చేయకూడదనేది ఆస్పత్రి పద్ధతి అని డైరెక్టరు నసిగితే, ఒకప్పుడు ఆవిడ చేత పట్టకారు దెబ్బలు తిన్నవాడే అతనూ, "నా పొట్ట, నా కోడలు, మధ్యలో నువ్వెవరు?" అని నోరు మూయించింది. ఆఖరికి నిన్న, వార్డులో పడుకోబోతూ, "నీ బొమ్మతోనే చెయ్యి. చిన్న బెజ్జాలతో పోవాలన్న మావాడి ముచ్చట కూడా తీరుతుంది. కానీ అమ్మాయ్, అనుమానం వస్తే తెరువు. తెరిచి చెయ్యి పెట్టు. నా దగ్గు సంగతి నేను చూసుకుంటాను," అంది. అనుమానం వస్తే. ఆ మాట దగ్గర ఆమె నిన్నటినుంచీ ఆగిపోయింది.

ఎందుకంటే ఆ మాట ఆమె అంతకుముందు విని ఉంది. ఇందాక గర్భసంచిని కోసి వేరు చేశాక, దాన్ని సంచిలో వేసి, కింది దారినే బయటికి లాగారు, పక్కన నిలబడ్డ అసిస్టెంటు మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ లాగింది. ఆయన పుట్టిన దారి. ఆయన తొమ్మిది నెలలు అద్దె కట్టకుండా కాపురమున్న ఇల్లు అదే దారిన బయటికొచ్చి స్టీలు పళ్ళెంలో పడింది, పిడికిలంత కూడా లేదు, నల్లబడి, ముడుచుకుని. ఆమెది ఎంత ఉండేదో? ఆమె చూడలేదు. ఎవరూ చూపించలేదు. రోబోని నడిపే బల్ల అంచు పొట్టకి ఒత్తుకుంటుంటే, చీర కట్టినా, ఈ ఆకుపచ్చ బట్టలేసుకున్నా, బొడ్డు కిందనుంచి దిగే ఆ కాన్పునాటి పాత మచ్చ ఎక్కడుందో ఇప్పటికీ తెలుస్తూనే ఉంటుంది. బిడ్డ అప్పటికే కదలడం మానేసింది. ఆడపిల్ల. తర్వాత రక్తం. పురిటి గదిలో దీపాలన్నీ ఒక పక్కకి ఒరిగినట్టయి, ఎవరో అరుస్తుంటే, ఆ అరుపుల మీదుగా అత్తగారి గొంతు, ఎప్పటిలాగే నిమ్మళంగా, కత్తి అని అడగడం, అంతవరకే గుర్తు. కళ్ళు తెరిస్తే మంచం పక్కన ఆవిడ. "పాప లేదు. గర్భసంచి కూడా లేదు. రక్తం ఆగదేమోనని అనుమానం వచ్చింది, తీసేశాను." పాలు అయిపోయాయి, తెప్పించాను అన్నట్టే చెప్పింది. ఆమెకి ఏడుపు పొంగుకొచ్చింది. పొట్టలో ఒక్కసారిగా ఎవరో నిప్పులు కుమ్మరించినట్టయి ఆ ఏడుపు సగంలో అరుపైంది. "ఏడవకు. కుట్లు ఊడతాయి," అని ఆవిడ ఒక దిండు తెచ్చి పొట్ట మీద పెట్టి, "దగ్గినా, తుమ్మినా దీన్ని అదిమిపట్టుకో," అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయింది. సెలవు అయ్యాక, తిరిగి డ్యూటీలో చేరిన రోజున, ఆవిడన్న మాట ఇంకొకటుంది. "ఇక అడ్డమేమీ లేదు. ఒళ్ళు వంచి పని నేర్చుకో."

నేర్చుకుంది. నేర్చుకుంటున్న కొద్దీ అనుమానం ఆమెకి మొదలైంది. గర్భసంచిని మూటలా బిగించి రక్తం ఆపే కుట్లుంటాయి. దానికి రక్తం తెచ్చే నాళాన్ని ముడేసే ఉపాయం ఉంది. ఎమర్జెన్సీ డ్యూటీల్లో ఎంతమందికో ఆమె ఆ కుట్లే వేసింది, వాళ్ళు తర్వాత పిల్లల్ని ఎత్తుకుని వచ్చి కనిపించి వెళ్ళేవాళ్ళు, ఆమె ఆ పిల్లల్ని ఎత్తుకునేది కాదు. ఆ కుట్లు ఆమెకి నేర్పిందెవరు? అత్తగారే. మరి ఆ రోజున వేసి చూసిందా? చూశాకే తీసిందా, చూడకుండానే తీసిందా? ఒక మంచి చెయ్యి దొరికింది, పిల్లా జెల్లా అని ఆ చెయ్యి ఉయ్యాల ఊపుతూ కూర్చోకూడదు అనుకుందా? అంత మాట అనుకోవచ్చా ఒక మనిషి గురించి? అనుకోకూడదు. రోజూ అనుకుంది. కంచంలో వడ్డిస్తూ అనుకుంది, ఆవిడ మాత్రలు చేతికిస్తూ అనుకుంది. అడగలేదు. అడిగితే ఆవిడ నిజం చెబుతుంది, అబద్ధమాడే అలవాటు లేదు ఆ మనిషికి, అదే భయం.

కళ్ళు మసకబారాయి. అద్దాలు కాదు, కళ్ళే. తుడుచుకుందామంటే తల ఎత్తాలి. ఎత్తలేదు, కనురెప్పలు కొట్టుకుని ఆ నీళ్ళు ముక్కు పక్కనుంచి జారిపోనిచ్చి, రోబో చేతిని మెల్లగా పైకి పోనిచ్చి, కాలేయాన్ని పక్కకి నొక్కి, కెమెరాని ఇంకా లోపలికి, ఇంకా చాటుకి తిప్పింది. మచ్చ వెనక శుభ్రం. పక్కన శుభ్రం. మచ్చ కూడా ఎండిన సున్నంలా ఉంది, దాని చుట్టూ కొత్త రక్తనాళం పోగంతైనా లేదు. ఇలాంటివి ఆమె ఎన్ని చూసిందో. చచ్చిన మచ్చ. ల్యాబ్ వాళ్ళతో పని లేకుండానే చెప్పగలదు.

గోడ మీది ఫోను మోగింది. అసిస్టెంటు స్పీకరు నొక్కింది. మూడు ముక్కల్లోనూ జబ్బు లేదు, వట్టి చచ్చిన మచ్చే అన్నారు అవతలనుంచి. మత్తు డాక్టరు, "అమ్మయ్య," అన్నాడు పైకే.

"క్లీన్ మేడమ్. మూసేద్దామా?" అంది అసిస్టెంటు, అప్పుడే పట్టకారు పక్కన పెడుతూ.

మూసేద్దాం అని నాలుక చివరిదాకా వచ్చింది. అనుమానం లేదు. ఏ కోశానా లేదు. అది ఆమెకి ఎంత బాగా తెలుసో, ఇప్పుడు అనబోయే మాట ఎందుకు అంటోందో కూడా అంత బాగానే తెలుసు. తల ఎత్తింది. రోబో చేతులు బిగుసుకుపోయాయి.

"తెరుద్దాం," అంది.

మత్తు డాక్టరే తేరుకుని, "మేడమ్, రిపోర్టు బాగానే వచ్చింది కదా. ఆ ఊపిరితిత్తులతో..." అన్నాడు.

"నాకు అనుమానంగా ఉంది. కాలేయం వెనక కెమెరాకి అందడం లేదు. ఆవిడ నాకు చెప్పిందే అది. చెయ్యి పెట్టి చూడనిదే మూయొద్దంది."

ఆ మాటకి ఎదురేముంది? కత్తెరమ్మ మాట. అసిస్టెంటు కళ్ళల్లో గౌరవం లాంటిది కనిపించింది, సొంత అత్తగారని కూడా చూడకుండా ఎంత గుండె రాయి చేసుకుందో అన్నట్టు. రోబోని వెనక్కి లాగారు. ఆమె చెప్పులేసుకుని, వెళ్ళి, మోచేతులదాకా చేతులు కడుక్కుంది, అత్తగారు పక్కన నిలబడి చూస్తున్నంత శ్రద్ధగా, గోళ్ళ సందులు కూడా. గ్లవుజులు తొడుక్కుంది. కత్తి అని అడిగింది, తన గొంతు అంత నిమ్మళంగా ఉండటం విని తనే ఉలిక్కిపడింది. రొమ్ముఎముక కిందనుంచి మొదలుపెట్టి, బొడ్డు పక్కగా తిప్పి, కిందిదాకా ఒకటే గీత. తన మచ్చకంటే జానెడు పొడుగు. అదీ కొలుచుకుంది మనసులో, సిగ్గు లేకుండా.

చెయ్యి లోపలికి వెళ్ళింది. వెచ్చగా ఉంది. అంత వెచ్చగా ఉంటుందని అనుకోలేదు. తెర మీద చూసినంతసేపూ చల్లటి వస్తువులా ఉంది ఆ పొట్ట. కాలేయం మీద అరచెయ్యి ఆనిస్తే, ఊపిరికి అది లేస్తూ దిగుతూ ఉంది. ఆ పల్చటి గొడుగుకి అవతల గుండె కొట్టుకోవడం వేళ్ళకి తగిలింది. జ్వరమొచ్చినా నుదురు ముట్టుకోనివ్వని మనిషి. ఆమె వేళ్ళు వాటంతట అవే వెతకసాగాయి, అంగుళం అంగుళం, నేర్పించినట్టే, చూశావా, మళ్ళీ చూడు. అప్పుడు ఆమెకి తోచిన కోరిక ఇంతకు ముందువాటన్నిటికంటే పాడుది. ఒక్కటంటే ఒక్క గింజ దొరికితే బాగుండు. ఆవిడ ఒంట్లో ఇంకా ఎక్కడో ఒక క్యాన్సర్ గింజ ఉంటే, తను చేసింది వైద్యమైపోతుంది. కాలేయం వెనక వెతికింది, పేగుల మడతల్లో వెతికింది, పోగొట్టుకున్న ముక్కుపుడక కోసం వెతికినట్టు ఆశగా వెతికింది. ఎక్కడా ఏమీ లేదు. నున్నగా ఉంది అంతా.

బయట ఆయన లేచి నిలబడ్డాడు. అసిస్టెంటు ముందే వచ్చి చెప్పినట్టుంది. "అమ్మ చెప్పినట్టే చేశావట. నేనైతే ఆ ధైర్యం చేయలేను," అని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. తడి అరచెయ్యి. ఆమె కాసేపు ఉంచి, తన చెయ్యి వెనక్కి తీసుకుంది.

మర్నాడు పొద్దున ఆమె వెళ్ళేసరికి అత్తగారికి మెలకువగా ఉంది. కళ్ళు మూసుకునే, దుప్పటి కింద చెయ్యి పోనిచ్చి, పొట్ట మీది పట్టీని వేళ్ళతో కొసనుంచి కొసదాకా తడుముకుంటోంది. నిలువునా ఉన్న పట్టీ. వేళ్ళు రొమ్ముఎముక కిందికి వచ్చి ఆగాయి.

"చెయ్యి పెట్టావన్నమాట," అంది, గొంతు బొంగురుపోయి.

"పెట్టాను అత్తయ్యా."

"ఏం దొరికింది?"

"ఏమీ లేదు. అంతా శుభ్రంగా ఉంది."

ఆవిడ ఏదో అనబోయింది. దగ్గు అడ్డొచ్చింది. మొదటి దగ్గుకే నోరు తెరుచుకుపోయింది, అరుపు బయటికి రాలేదు, రెండో దగ్గుకి మెడనరాలు తేలి, చేతులు గాల్లోకి లేచి, దేన్నో పట్టుకోబోయి ఏమీ దొరక్క పడిపోయాయి. ఇన్నేళ్ళలో ఎప్పుడూ చూడనిది ఆమె చూసింది, ఆవిడ రెండు కళ్ళవెంటా నీళ్ళు చెవుల్లోకి కారిపోవడం. కుర్చీలో ఉన్న దిండు తీసి ఆ పొట్ట మీద పెట్టి, రెండు చేతులతో అదిమిపట్టింది.

"ఏడవకండి అత్తయ్యా. కుట్లు ఊడతాయి," అంది.

దగ్గు ఆగింది. ఆవిడ కళ్ళు తెరిచింది. మత్తు మిగిలిన కళ్ళే, కానీ మెల్లమెల్లగా వాటిలోకి పాత కత్తెరమ్మ వచ్చి కూర్చుంది. కోడలి మొహంలోకి చాలాసేపు చూసింది, వార్డులో రోగి దాస్తున్నదేదో పట్టేయడానికి చూసే చూపు.

"ల్యాబ్ ఏమంది?"

"జబ్బు లేదంది."

"ఎప్పుడు చెప్పారు? తెరవకముందా, తెరిచాకా?"

అబద్ధం చెప్పొచ్చు. గదిలో ఇంకెవరూ లేరు. దిండు కింద ఆవిడ పొట్ట ఊపిరికి లేస్తూ దిగుతూ ఉంది.

"ముందే చెప్పారు," అంది.

తిడుతుందనుకుంది. కొడుకుని పిలుస్తుందనుకుంది. పిలిస్తే బాగుండుననుకుంది. ఆవిడ తిట్టలేదు, ఎవర్నీ పిలవలేదు. ఎండిపోయిన పెదవి ఒక పక్కకి సాగింది, ముడి సరిగ్గా పడ్డ రోజున సాగినట్టే.

"నేనైనా అదే చేసేదాన్ని," అంది.

మళ్ళీ దగ్గు మొదలైంది. ఆమె దిండుని ఇంకొంచెం గట్టిగా అదిమిపట్టుకుంది.